గోడెక్కిన గిన్నెలు

బేస్తవారం పొద్దుగాల జుమ్మేరాత్ బజార్ల
తాటిపత్రి మీద పరిచిన ఇత్తడి సామాను ముంగట
గొంతుక్కూసుంటే నాకు మోకాళ్ళ నొప్పి యాదికి రాదు.

గౌస్ పాషా కిలో లెక్కన అమ్ముతడు.
పప్పుగుత్తి కట్టెది, తూకానికి రాదు, ఊకెనే ఇస్తడు.
కలాయి పోయిన గంజు, చెవి ఊడిన బగోన,
ఎవరింట్లనో యాభై ఏండ్లు జీలకర్ర వాసన పీల్చిన పోపుల డబ్బ
అన్నీ తక్కెట్ల ఏసి
"చార్ కిలో దో సౌ గ్రామ్, లేజావ్ మిస్త్రీ" అంటడు.
అండ్ల వాసన ఎంత తూగిందో నేనడగలే.

లాలాగూడ వర్క్‌షాపుల ముప్పై రెండేండ్లు
రైలు డబ్బాలకు బొక్కలు కొట్టిన చేతులు ఇవి.
రిటైరైనంక కొట్టనీకి ఏమీ లేక
ఒకనాడు కొబ్బరి కోరే రేకు చుట్టి లోపట బల్బు పెట్టిన.
గోడంతా సన్నగ, తెల్లగ, తురుము రాలినట్టు వెలుతురు.
అండాలు చూసి చీపురు తేనీకి పోయింది.
ఎగతాళికే. నేనైతే గెలిచిన అనుకున్న.

ఇగ ఆగలే.
ఇడ్లీ రేకు గడియారమైంది.
నడుమ బొక్క దానికి ముందుగాలనే ఉన్నది.
గుంటలు నాలుగే గనుక
పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది పక్కా,
మిగిలిన టైము అందాజుగ చూసుకోవాలె.
మానిక బోర్లిస్తే దీపం. సోలల మనీప్లాంటు.
తవ్వల పెన్నులు పెట్టిన.
పక్కింటికి బదులు ఇచ్చేటప్పుడు తలగొట్టి,
తీసుకునేటప్పుడు గోపురం పోసి
ఎన్ని మాటలు పడ్డదో ఆ తవ్వ,
ఇప్పుడు దాన్ని ఎంత నింపినా అడిగేటోళ్ళు లేరు.

"వండే గిన్నెలు గోడెక్కె,
గోడ మీది దేవుళ్ళు యాడికి పోవాలె?" అన్నది అండాలు.
అన్నదే గని, చెల్లె పిల్లలొచ్చిన ఆదివారం
గడియారం దించి, ముల్లులు పీకి,
నూనె రాసి పిండి పోసింది.
ఆ పూట మా ఇంట్ల టైము ఆవిరి మీద ఉడికింది.
మల్ల బిగించినంక పావుగంట ఎనుక నడుస్తున్నది.
నేను సరిచెయ్యలే.

మొన్నటి బేస్తవారం ఒక రాగి సర్వ దొరికింది,
కింద అంతా పొయ్యి మసి.
చింతపండు పెట్టి తోమితే
భుజం మీద చుక్కలు తేలినయ్.
చుక్కా చుక్కా కూడదీసి చదివిన:
నర్సుబాయి, 1958.
పెండ్లికి కొట్టిచ్చిందో, పుట్టెంటికలకో, ఎవరికెరుక.
పేరు మీద డ్రిల్లు పెడదామంటే చెయ్యి రాలే.
పేరు ఇడిసి పక్కకు కొడదామన్నా రాలే.
రెండు దినాలు సర్వ బల్ల మీద, నేను దాని ముంగట.

మూడోనాడు సమజైంది,
పేరు కొట్టినాయన సగం పని చేసే పోయిండు.
ఆయన గుచ్చి ఆపిన ప్రతి చుక్క కాడ
సన్నపు పిన్ను పెట్టి ఆవలి దాక పోయిన.
ఎనభై ఏడు చుక్కలు.
"ర్సు" కాడ రాగి కొద్దిగ చీలింది.

రాత్రి లైట్లన్నీ ఆర్పి
లోపట పాతకాలం అరవై వాట్ల బల్బు ఏసిన.
గోడ మీద పేరు పడ్డది.
ఉల్టా పడ్డది.
కొమ్ములు, గుడులు అన్నీ ఎడమకు మల్లి నిలబడ్డయ్.
తప్పు నాది కాదు, లోపలికెళ్ళి బయటికొచ్చే వెలుతురు
సర్వ లోపటోళ్ళకు ఎట్ల అగుపడతదో
గట్లనే చూపెడతది.

అండాలు ఏమనలే.
బీరువ తలుపు సగం తెరిచి
అద్దాన్ని గోడ దిక్కు తిప్పింది.
అద్దంల నర్సుబాయి సక్కగ నిలబడ్డది.

జరసేపు అట్లనే చూసి,
తలుపు ఇడవకుండనే,
"నీళ్ళు కాగినయా, నర్సుబాయీ?" అని అడిగింది.

బల్బు ఏడికి రాగి
ఒక్కపారి టిక్కుమన్నది.