మందూసు

కల్బాల వాన పడ్డ మూడో దినం
ఉమ్మ్ ఖల్ఫాన్ ఇంటికి నన్ను పిలిచిన్రు.
ఒకదిక్కు సముద్రం, ఒకదిక్కు గుట్టలు,
నడుమ ఆ ఇల్లు మోకాలిలోతు నీళ్లల్ల నానింది.
గోడ మీద బురద గీత ఇంకా ఉన్నది,
నూలు పట్టి కొట్టినట్టు తిన్నగ.

"మందూస్, మందూస్" అన్నది ముసలమ్మ.
మా దిక్కు మందసం అంటమని నేనంటే
తెలువలే ఆమెకు, నవ్వింది మాత్రం.
మలబారు టేకు, ఇత్తడి మేకుల పెట్టె.
నా లెక్కనే సముద్రం దాటొచ్చిన కర్ర.
నాకంటె ముందొచ్చింది,
దీన్నెవలూ వీసా అడగలే.

పనిముట్లు తర్వాత, ముందు చెయ్యేసి చూడాలె.
తెల్లమరకైతే భయం లేదు,
నీళ్లు పాలిష్‌లనే ఆగినయన్నట్టు.
స్పిరిటు గుడ్డ పైపైన తిప్పితే
అద్దం మీది ఊపిరి లెక్క పోతది.
నల్లమరక వేరు.
అది చేవ దాక దిగింది. ఇనుము తాకిన కాడ
కర్ర తన వగరుతోటి తానే సిరా చేసుకుంటది.

ఎండల పెట్టొద్దని మొత్తుకున్న.
ఈడి ఎండ ఒక్క పూటల
పలకను పాపడ లెక్క వంకర తిప్పుతది.
ఏసీ గాలి వద్దు. నీడల, నాలుగు ఇటుకల మీద.
నీళ్లు ఉరికొచ్చినయి గని
పొయ్యేటప్పుడు నడుసుకుంట పోవాలె.

అడుగున మూడు సొరుగులు.
రెండు వచ్చినయి.
తాళమున్న మూడోది ఉబ్బి బిగుసుకున్నది.
మా షాపు నాసిర్ భాయ్ ఉలి అందిచ్చిండు.
వద్దన్న. ఉబ్బిన కర్ర మీద కోపం చూపితే
కుసి ఇరుగుతది, కోపం మిగులుతది.
దినం విడిచి దినం వొయ్యి ముట్టి చూసొచ్చిన,
జరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

ఆ ఇంట్ల వంటామె ఓబుళమ్మ, రాయచోటి దిక్కు.
చాయ గ్లాసు నా చేతికిచ్చుకుంట
సొరుగునే చూస్తుండె.
"ఎప్పుడొస్తాదన్నా అది?"
"ఎండినప్పుడు."
"ఎండితే వస్తాదా?"
కర్ర మీద ఈమెకు ఇంత రంది ఎందుకో
సమజ్ కాలే నాకు.

పదకొండో నాడు సొరుగు
వేలెడు జరిగింది, తనంతట తానే.
ముసలమ్మ మెడల నుంచి తాళంచెవి తీసింది.
లోపల ఒక పడవ కాగితం,
తెగిన పగడాల దండ, ఎండిన అత్తరు సీసా.
వాటి కింద నీలి అట్ట పాస్‌పోర్టు,
పేజీలు ఒకదానికొకటి అతుక్కొని
నానిన రొట్టె లెక్క.

ముసలమ్మది చెడ్డబుద్ధి అననీకి లేదు.
విలువైనవన్నీ ఆడనే దాసింది,
తన పగడాల పక్కన.
తొమ్మిదేండ్లు దాసింది.

ఓబుళమ్మ రెండు వేళ్లతోటి పేజీ విప్పింది.
ఫొటో కాడ ముఖం లేదు,
తడి గ్లాసు పెట్టి తీసినట్టు గుండ్రటి తెలుపు.
"దీనికేం పాలిష్ లేదా అన్నా?"
అని నవ్వింది.
తెల్లమరకైతే భయం లేదని
మొన్న ఈమెకే చెప్పిన నేను.

పళ్లెంల ఎండు నిమ్మకాయల నడుమ
ఆరబెట్టింది దాన్ని ముసలమ్మ.
పొద్దుగూకినంక మల్ల సొరుగులనే పెట్టింది.

ఇగ మిగిలింది నా పని.
ఆక్సాలిక్‌తోటి నల్లమరక కడిగిన. సగమే పోయింది.
మొత్తం పోవాల్నని గీకితే
మరక కంటె ముందు కర్ర పోతది.
లేచిన పొరల కిందికి సూదితోటి ఫెవికాలు ఎక్కిచ్చి
ఖర్జూరం డబ్బాలు బరువు పెట్టిన.
లక్క పూసుడు, ఆరుడు, మల్ల పూసుడు,
లెక్క తప్పేదాక.
ఇత్తడి మేకులు ఓబుళమ్మ తోమింది,
ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండుతోటి.

ఆఖరుకు ఆ సొరుగు.
రంద పట్టిన.
ఎంత తీస్తే సరిపోతదో నా చేతికి ఎరుకే.
అంతకంటె రెండు పొరలు ఎక్కువ తీసిన.
తాళం తిప్పితే చప్పుడైతది,
నాలుక మాత్రం గాడిని ముట్టీ ముట్టనట్టుంటది.

పైసలు లెక్కపెట్టుకుంట తెలుగుల చెప్పిన,
"వానల గూడ ఇగ బిగుసుకోదు.
జర పైకి లేపి గుంజాలె, అంతే."
ఏమంటున్నడని అడిగింది ముసలమ్మ.
"చేవ ఉన్న కర్రంట" అన్నది ఓబుళమ్మ,
పెట్టె మీది నుంచి నా చాయ గ్లాసు తీసుకుంట,
గుండ్రం పడ్డదో లేదో
అరచేత్తోటి తడిమి చూసుకుంట.