ఎనిమిది గంటల చీకటి

మే నెలాఖరు నుంచి జులై దాకా
ముర్మాన్స్క్‌లో సూర్యుడు పడుకోడు.
కొండ అంచు మీద కాసేపు చతికిలబడి
మళ్ళీ లేచి నడక మొదలుపెడతాడు.
మేం కిటికీ అద్దాలకు వెండికాగితం అంటించుకుని
కళ్ళు మూసుకుంటాం.
మొక్కలకు రెప్పలుండవు.

మొదటి వేసవిలో టమాటా ఆకులు
పసుపు మచ్చలేసి దోనెల్లా ముడుచుకున్నాయి.
ఎరువు చాల్లేదని కింది అంతస్తావిడ,
నీళ్ళెక్కువయ్యాయని పై అంతస్తాయన.
కపితోలీనా యెగోరొవ్నా
ముప్పయ్యొక్కేళ్ళు ట్రాలీబస్సు నడిపింది,
రాత్రి డ్యూటీ చేసిన మొహాన్ని ఇట్టే ఆనవాలు పడుతుంది.
"జబ్బు కాదు, నిద్రలేమి" అని తేల్చేసింది.

అప్పట్నుంచి రోజూ రాత్రి పదింటికి
అద్దాల బాల్కనీలో నాలుగు కర్రలు పాతి
తన పాత డ్యూటీ కోటు కప్పుతుంది,
గుండీలు పెడుతుంది కూడా.
పొద్దున ఆరింటికి విప్పుతుంది.
బయట రెండు రాత్రుల వెలుగు కాస్తుంటే
ఆ కోటు లోపల
ఎవరూ మంజూరు చేయని చీకటి.

బకెట్లు చేపల కొట్టు ల్యుబావా ఇచ్చింది,
హెర్రింగ్ ఊరబెట్టినవి.
మూడుసార్లు సోడాతో తోమినా వాసన వదల్లేదు.
మేకు పొయ్యి మీద ఎర్రగా కాల్చి
అడుగున ఏడేసి చిల్లులు పొడిచింది.
కింద ఇటుక ముక్కలు, పైన పీట్ మట్టీ ఇసుకా,
ఏడాదంతా దాచిన గుడ్డు పెంకుల పొడి.
"వేళ్ళకీ ఊపిరాడాలి" అంటూ
రెండో కణుపు దాకా వేలు గుచ్చి చూశాకే
చెంబు ఎత్తేది.

ఐదో అంతస్తుకు తేనెటీగ రాదు.
పూల గుత్తిని ఎవరో ఒకరు వణికించాలి.
నా కరెంటు టూత్‌బ్రష్ మీద పుప్పొడి ఎందుకుందో
నాకు జూన్ చివర్లో గానీ తెలియలేదు.

ఆకుకీ కాండానికీ మధ్య
చంకలో మొలిచే పిలకను
మా భాషలో సవతి కొడుకు అంటారు.
తుంచడానికీ ఓ మాటుంది,
విత్తనాల పొట్లం మీద అచ్చేసి ఉంటుంది.
"సవతి కొడుకుల్ని తియ్యాలి, కత్తెర పట్రా..."
అని ఆగింది.
తొమ్మిదేళ్ళప్పుడు నాన్న వెంట
ఒక్క సంచితో ఆ ఇంట్లోకి వచ్చినదాన్ని నేను.
రెండేళ్ళకు నాన్న ట్రాలర్ ఎక్కి
ఏ రేవులోనో దిగిపోయాడు.
సంచీ నేనూ మిగిలాం.
ఇద్దరం బకెట్ వైపే చూశాం.
"అక్కర్లేదులే, చేత్తోనే వస్తుంది" అంది.

మర్నాడు వంటింటి గట్టు మీద
టీ గ్లాసు నీళ్ళలో
ఏడు సవతి పిలకలు నిలబడి ఉన్నాయి.
ఎనిమిదో రోజుకి తెల్లటి నూలు వేళ్ళు.
బకెట్లు ఖాళీ లేవు.
సూపు గిన్నె ఇచ్చేసింది.
సెప్టెంబరు దాకా మేం సూపు
పెనంలోనే కాచుకున్నాం.

ఈ ఏడు ఆమె మోకాలి ఆపరేషన్.
పోర్టులో నా షిఫ్టు తొమ్మిదింటికి అయిపోతుంది,
పదింటికి కోటు నేనే కప్పుతున్నాను.
నిన్న గుండీలు పెట్టేముందు
తల లోపలికి పెట్టి చూశాను.
పచ్చి వాసన, గొంతు పట్టేసే ఘాటు,
దాని అడుగున ఇంకా హెర్రింగ్.
ఎంతసేపున్నానో తెలియదు.

ఫోన్ మోగింది.
"పడుకున్నాయా?"
పడుకున్నాయన్నాను.
ఒక కాయ అడుగు నల్లబడిందని చెప్పాను,
రెండు రోజులు నీళ్ళు మరిచానని ఒప్పుకున్నాను.
ఆమె తిట్టలేదు.
"మరి నువ్వు?" అంది.

కోటు ఎడమ జేబులో
చెల్లని టికెట్లు రెండు ఉన్నాయని చెప్పాను.