రెండు మిల్లీమీటర్లు

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా, పదో నంబరు.
హైపర్‌మార్కెట్ కరపత్రాలకు
టమాటాలు ఎర్రబరచడం నా కొలువు.
నిన్నటి చేపకు ఇవాళ్టి కన్ను పెడతాను.

లింబాద్రి క్రేన్ నడుపుతాడు.
నేలకు నూటిరవై మీటర్ల పైన, గాజు డబ్బాలో,
గాలి ఎక్కువై కొక్కెం ఆపమన్నప్పుడల్లా
డెలివరీ చలాన్ల వెనకవైపు
ఒక నవల రాశాడు. పేరు ‘జమ’.

అందులో ఒక నగరం.
గేటు దగ్గర ఎవరి నీడ వాళ్లు విప్పి అప్పజెప్పాలి.
రసీదు ఇస్తారు.
ఆ తర్వాత ఎంత ఎండలో నిలబడ్డా నేల మీద ఏమీ పడదు.
బాకీ తీరితే నీడ వాపసు.
రసీదు మీది అంకె మాత్రం వేసవికోసారి పెరుగుతుంటుంది.
ఎవరూ ఏడవరు ఆ నవలలో.
అందరూ ఫోన్లో, మంచిగున్నం, అంటారు.
నాకు వెన్ను జలదరించింది అక్కడే.

“అట్ట నువ్వే గియ్యాలె” అన్నాడు.
“మంటలు పెట్టు. ఆకాశంల పెద్ద కన్ను పెట్టు.
ముళ్లకంచె పెట్టు. చూడంగనే దడుసుకోవాలె.”

మూడు రాత్రులు అతను చెప్పిందే గీశాను.
మంట గీస్తే కారం ప్యాకెట్టులా వచ్చింది.
కన్ను గీస్తే కళ్లద్దాల దుకాణం.
కంచె అంటారా, మా ప్రెస్సు వెనక గోడకు ఉన్నదే,
రోజూ దాని మీద బనీన్లు ఆరేస్తాం,
దడుచుకునేది ఎట్లా?

“లింబన్నా, నీ నవలల రాత్రే లేదు కదా” అన్నాను.
చలాన్లు తిరగేసి చూసుకున్నాడు, వేలికి ఉమ్మి తడి చేసుకుంటూ.
నూట తొంభై పేజీలు.
అంతా పట్టపగలే.
రాసినవాడికే తెలియదు ఆ సంగతి.

నలుపంతా తీసేశాను.
జూలై నెల, మధ్యాహ్నం పన్నెండున్నరకు పని ఆపి
మనుషులు సిమెంటు గొట్టాల్లో దూరి ఒరిగే వేళ
ఇసుక ఏ రంగులో ఉంటుందో
ఆ రంగు, అట్టంతా.
పసుపు కాదు, తెలుపూ కాదు.
మన ఊళ్లలో దానికి పేరు లేదు, అవసరం పడలేదు.
కింది మూల ఒక మనిషి, గోరంత.
వాడి కాళ్ల దగ్గర పల్చటి నీలంలో నీడ.

ఇక చెయ్యి కదల్లేదు.
నీడ ఉంచితే కథ అబద్ధం.
తీసేస్తే అది ఉండేదని ఎవరికి తెలుస్తుంది?

గురువారం రాత్రి, ఓనరు వెళ్లిపోయాక,
పిజ్జా కరపత్రాలకు మిగిలిన షీట్ల మీద ప్రూఫు తీశాం.
మెషీను మీద ఫజ్లుల్, చిట్టగాంగు మనిషి.
నీలం ప్లేటు జారింది.
రెండే మిల్లీమీటర్లు.
మనిషి ఇక్కడ. నీడ అటుపక్క, అంటీ అంటనట్టు.
నడుమ సన్నటి తెల్లగీత,
మూసిన తలుపు కింది వెలుతురంత.

“ఖరాబ్” అని కాగితం నలపబోయాడు.
మణికట్టు పట్టుకుని ఆపాను.

లింబాద్రి దాన్ని ట్యూబ్‌లైటు కింద చాలాసేపు పట్టుకున్నాడు.
గీత మీద గోటితో మెల్లగా గీరాడు,
అంటుకుంటుందేమో అన్నట్టు.
“కన్ను అక్కర్లేదు” అన్నాడు చివరికి.

మూడు వందల కాపీలు.
అన్నిటిలో తప్పు ఒకే కొలతలో పడాలి.
పదకొండేళ్లుగా రంగు మీద రంగు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చినవాడు
భూతద్దం కంటికి ఆనించి
తప్పును బిగిస్తున్నాడు, మర తర్వాత మర.
తెలుగు అక్షరం ఒక్కటి రాదు.
తల ఎత్తకుండానే అడిగాడు:
“ఈయనకు ఛుట్టీ ఎప్పుడు?”

ఆ నవలలో ఆ మాట ఎవరూ అడగరు.
లింబాద్రి జేబులు తడుముకున్నాడు,
ఒక ఖాళీ చలానా కోసం.