ప్రెస్సులో పత్తికొమ్మ

నోటీసు బోర్డు మీద సర్క్యులర్‌కి జిగురు ఇంకా ఆరలేదు,
పిల్లలు అప్పుడే ఫోన్లెత్తి ఫోటోలు తీస్తున్నారు,
పీటల మీద కొత్తజంటని తీసినట్టు.
పది రోజులు సెలవులు!
నా వేళ్ళు వేరే లెక్క కడుతున్నాయి:
రోజుకి మూడు గంటలు, ఆదివారాలు తీసెయ్,
ఇరవై నాలుగు గంటల జీతం గాల్లో.
గెస్ట్ లెక్చరర్‌ని కదా,
అతిథికి విస్తరేసేది వచ్చిన రోజే.

బోటనీ ల్యాబులో ఇవాళ హెర్బేరియం సబ్మిషన్.
గుంటూరు చుట్టూ ఉన్న పొలాలన్నీ
పాత పేపర్ల మధ్య పడుకుని బస్సులెక్కి వచ్చాయి.
సత్తెనపల్లి నుంచి కందిపూత,
వట్టిచెరుకూరు కాలవగట్టు నుంచి గుంటగలగర,
ప్రత్తిపాడు నుంచి పండకముందే పెరికిన మిరపమొక్క,
వేళ్ళకి నల్లమట్టితో సహా,
సరిగ్గా యార్డు ధరల పేజీ మీదే.

కెజియా గడ్డిచామంతి కింద
లాటిన్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.
పాటల ప్రాక్టీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది,
"సరిచేసి ఇస్తా మేడం" అంటే
మాట కంటే గాలే ఎక్కువ వస్తోంది.
అర మార్కు తీసేశాను.
మళ్ళీ కలిపాను.

నాగూర్‌బాబూ ప్రణీతూ
ఒకే ఉత్తరేణిని చెరిసగం చేసుకుని
రెండు షీట్లకి అంటించుకొచ్చారు.
రెండింటినీ పక్కపక్కన పెట్టాను.
విరిగిన చోటు విరిగిన చోటికి చక్కగా అతికింది.
కాసేపు ముగ్గురం ఫ్యాను వైపు చూశాం.

రెండింటికి వచ్చింది మస్తాన్‌బీ, రొప్పుతూ.
వారం నుంచి హాజరుపట్టీలో చుక్కే.
చేతిలో పత్తికొమ్మ, పొద్దున తెంపిన పచ్చిది,
ఒక కాయ పగిలింది, ఒకటి ఇంకా ఆలోచిస్తోంది.
"ఆరబెట్టే టైము లేదు మేడం,
తీతలయ్యేసరికి నిన్న చీకటి పడింది."
కాయమొనలు గీరి వేళ్ళనిండా గాట్లు.
ఆ వేళ్ళతోనే
కణవిభజన బొమ్మలు నాకంటే బాగా వేస్తుంది.

రూలు ప్రకారం పచ్చికొమ్మ చెల్లదు.
ప్రెస్సులో పెట్టి తాళ్ళు లాగాను,
మోకాలు ఆనించి మరీ లాగాను.
ఆకులు అణిగాయి. పత్తి అణగలేదు,
చెక్కల సందులోంచి తెల్లగా కాస్త బయటికొచ్చింది.

రోజూ కాగితాలు మార్చాలి, లేకపోతే బూజు.
సెలవుల్లో ఎవరు మారుస్తారు?
అటెండర్ యేసోబు నిచ్చెన మీదున్నాడు,
హాస్టల్ వరండాకి కాగితం నక్షత్రం కడుతూ.
"తాళం నాకాడే ఉంటది గానీ మేడం,
నేనూ రేపల్లె పోతన్నా" అన్నాడు
పళ్ళ మధ్య మేకు తియ్యకుండానే.

నాలుగున్నరకల్లా కాలేజీ ఖాళీ.
బ్యాగుల చక్రాలు సిమెంటు రోడ్డు మీద
గరగరమంటూ గేటు దాటిపోయాయి.
మెస్సు వెనక పిల్లికి మాత్రం ఎవరూ సర్క్యులర్ చూపించలేదు.
గేటు ముందు శేషయ్య బజ్జీల మూకుడు తోముతున్నాడు.
"రేపు పిండి కలపను మేడం, ఎవరికి కలపాల?"
అతనికి ఎన్ని గంటలు పోయాయో అడగలేదు.
ఆఖరి నాలుగు బజ్జీలు కట్టించుకున్నాను.

మంగళగిరి బస్సులో, ఒళ్ళో ప్రెస్సు.
"మీకు ఫ్రీ గానీ, దానిక్కాదమ్మా. ఏంటది?"
"పత్తి."
"ఎన్ని క్వింటాళ్ళు?"
బస్సంతా నవ్వింది. కండక్టరు టికెట్ కొట్టలేదు.

కాజ దగ్గర కిటికీలోంచి చలిగాలి కొట్టింది,
కొంగు తీసి చెక్కల మీద కప్పాను,
ఎందుకో, దానికి చలేమిటి?

ఇంటికెళ్ళగానే పక్కవాటా వాళ్ళని పాత పేపర్లు అడగాలి.
రోజుకి నాలుగు కాగితాలు, పది రోజులు,
ఆదివారాలు తీసెయ్యకుండా.