లోమడత

గుండీల డబ్బా ముందరేస్తే చాలు
గంటలకొద్దీ ఆడుకునేది శివలీల.
రెండు బొక్కలవి ఒకదిక్కు, నాలుగు బొక్కలవి ఒకదిక్కు,
బొటనేలితో తడిమి తడిమి కుప్పలు పోసేది.
మిషిని తొక్కుకుంటనే
అంగడికొచ్చినోళ్లందరికీ చెప్పుకున్న:
నాలుగేండ్లు నిండలే, సూడుండ్రి, మేరోళ్ల చెయ్యి.

చెయ్యే. కన్ను కాదు.
ఆ మాట కల్వకుర్తి అంగన్‌వాడీల
కండ్లు సూడనీకొచ్చిన పిల్లగాడు చెప్పిండు,
చిన్న టార్చిలైటు ఆర్పి జేబుల పెట్టుకుని,
నా మొఖం దిక్కు సూడకుండ.
ముసలోళ్లకొచ్చే పొర, అన్నడు. రెండు కండ్లల్ల.
పుట్టుకతోనే ఉండొచ్చు, అన్నడు.

పాలమూరు దవాఖాన్ల, మూడో అంతస్తు.
డాక్టరమ్మ చూపిచ్చిన బిళ్ల కందిబద్దంత,
రెండు పక్కల మీసాల లెక్క కొక్కేలు.
పొర తీసినంక లోపల ఇది పెడతం, అన్నది.
మా ధందల అడిగే మాటే అడిగిన:
బిడ్డ పెరుగుతది గద, ఇది పెరుగుతదా?

పెరగదు.
కన్ను పెరుగుతది, బిళ్ల పెరగదు.
అందుకే ఇయ్యాలటికి సరిపొయ్యేటంత పెట్టం,
జర తక్కువ నంబరు పెడతం,
ఆ తక్కువను కండ్లద్దాలు మోస్తయి,
బిడ్డ ఎదిగినకొద్దీ అద్దం పలుచబడుతది.
ఇంకా చెప్పబోయింది. వద్దమ్మా, సమజైంది, అన్న.

జూన్‌ల బడి లాగులు కుట్టంగ
నాలుగు వేళ్ల బట్ట లోపలికి మడిచి
కచ్చా టాకాలేసి ఇడుస్త.
తల్లులు ఏటేటా ఇప్పించుకపోతరు.
ఇప్పిన కాడ రంగు కొత్తగుండి
గీత లెక్క కనబడుతది. పిల్లలకు సిగ్గు.
ఇరవై రెండేండ్లు లోమడతలు పెట్టినోన్ని,
నా బిడ్డ కంట్ల ఒకటి పెడతమంటె
కాయిదం మీద సంతకానికి చెయ్యెందుకు వణికిందో.

వారం ఎడంతోటి రెండు కండ్లు.
కుడిది ఇంకా మొండిది. దానికి పని నేర్పాలని
ఎడమదానికి రోజు రెండు గంటలు పట్టీ.
పీకి పారేస్తది. మా ఇంటామె పట్టుకుంటది, నేనంటిస్త,
ఎక్కడ నేర్చిందో ఆ తిట్లు.
అస్తరు గుడ్డతోటి పువ్వు చేసి పట్టీ మీద కుడితే
పువ్వును దాసుకుంది, పట్టీని పారేసింది.

గుండీల డబ్బా ఇప్పుడు ముట్టదు.
మిషిని పక్కన నిలబడి సూది దిక్కే సూస్తది,
లావు అద్దాలు ముక్కు మీదికి జారంగ.
నిన్న పొద్దుగూకినంక అడిగింది:
"నాయినా, నీలం అంగికి నల్లదారమేస్తివేంది?"

సూసిన. నిజమే.
ఒక చెయ్యి మొత్తం కుట్టుడైంది.
ఇప్పుకుంట కూసున్న. పక్కనించి
కాలరు గూడ గంతే, అంటున్నది.