గది తాళం ఇస్తూ

హెప్సిబా, ఈ కిటికీ పూర్తిగా మూసుకోదు.
మార్చిలో గుంటూరు మిర్చి యార్డు మీదుగా గాలి మళ్లితే
పుస్తకం కూడా తుమ్ముతుంది.

పెద్ద యూనివర్సిటీ అంటారు,
ఆ మాట బరువంతా ఆర్చి దాటేదాకే.
లైబ్రరీలో రెండో ఫ్యాను కింద కూర్చో,
మొదటిది తిరుగుతున్నట్టు నటిస్తుంది.
గురువారం సాంబారు సంగతి నేను చెప్పను.

సెమినార్‌లో ఇంగ్లీషు తడబడితే ఆగకు.
నేను ఆగాను.
ఆ సాయంత్రం నంబూరు స్టేషన్‌లో
సంచి ఒళ్లో పెట్టుకుని
మూడు ప్యాసింజర్లు వదిలేశాను.
నాలుగోది రాకముందు
పల్లీలమ్మే ఆవిడ అడిగింది,
"ఏం చదువుతున్నావమ్మా?"
చెప్పాను. తెలుగులో. మొత్తం.
ఆవిడ పొట్లం కట్టడం మర్చిపోయింది.

ఇదిగో తాళం.
కొంచెం ఎడమకి నొక్కి తిప్పాలి.