నూరడుగులు

విచిటాలో ఆకాశాన్ని గళ్ళు గళ్ళుగా కోసి
గడికో అంకె వేసి పెట్టారు.
మా ఇంటి మీద సున్నా.
రోడ్డు దాటితే యాభై.
వాగు మలుపు తిరిగే చోట,
బేస్‌బాల్ మైదానం మీద, నూరు.

తొక్కుడుబిళ్ళ లాంటిదే అనుకున్నాను.
ఏ గడిలో కాలు పెట్టకూడదో తెలిస్తే చాలు,
ఒంటికాలి మీదైనా దాటేయొచ్చు.

పగలంతా నేను రెక్కల దగ్గరే ఉంటాను.
ఫ్యాక్టరీలో, టార్చి నోట కరుచుకుని
ఒక్కో రివెట్టు తల నిమిరి చూసి
సరేనని సంతకం పెడతాను.
పందొమ్మిదేళ్ళు.
నేను సరేనన్న రెక్కలు
ఇప్పుడే సముద్రాల మీద ఉన్నాయో
ఎవరినీ అడగలేదు.

ఇదేమో వంటింటి త్రాసులో
పావుకిలోకి ఒక్క గ్రాము తక్కువ.
అంత బెల్లంముక్క జేబులో వేసుకు తిరిగితే
పట్టించుకునేవాళ్ళు లేరు.
అదే గాల్లోకి లేవాలంటే అడిగి లేవాలి.

మా భాషలో అడుగు అంటే కాలు ముందుకెయ్యడం,
అడుగు అంటే పన్నెండు అంగుళాలు,
అడుగు అంటే గిన్నెలో మాడిపోయే చోటు,
అడుగు అంటే, నోరు తెరిచి అడుగు,
అని పక్కింటి ఖోవాకి చెప్పాను.
పదేళ్ళవాడు. వాళ్ళ వియత్నాం భాషలో
'మా' అనే ఒక్క మాటని ఆరు రకాలుగా పలికి
నన్ను ఓడించేశాడు.

ముందు పరీక్ష. ఇరవైమూడు ప్రశ్నలు.
తప్పు రాస్తే ఎందుకు తప్పో చెప్పి
ఒప్పు వచ్చేదాకా కూర్చోబెడతారు.
ఇలాంటి బడి చిన్నప్పుడు దొరికుంటేనా!

తర్వాత ఫోన్లో దరఖాస్తు.
ఆరు నుంచి ఆరూ నలభై. నూరడుగులు.
ఏ కౌంటరు ముందూ నిలబడలేదు,
ఏ గాజుపలక మీదా వేలు నొక్కలేదు,
ఎందుకని ఒక్కరూ అడగలేదు.
జవాబు తయారుగా పెట్టుకున్నాను కూడా:
పోయిన వేసవిలో ఖోవా విసిరిన పసుప్పచ్చ ఫ్రిస్బీ
స్కోరుబోర్డు గది కప్పు మీద ఉందో లేదో
చూడాలి, అని.
ఎనిమిది సెకన్లలో అనుమతి వచ్చేసింది.
నా జవాబు నా దగ్గరే మిగిలిపోయింది.

నూరడుగులంటే ఒక ఎత్తయిన తాడి.
తాడిని తన్నేది మాది.
దాని తలదన్నేవి
దక్షిణం నుంచి రన్‌వే వైపు దిగుతున్నాయి,
చక్రాలు చాపుకుని, వరసగా.

లేచింది. కందిరీగ రొద.
ఖోవా తల వెనక్కి వాల్చి దాన్నే చూస్తున్నాడు.
చూపు తిప్పకూడదు, అది వాడికి నేనిచ్చిన ఉద్యోగం.
నేను తెర చూస్తున్నాను.
ఫ్రిస్బీ ఉంది, ఎండకి వెలిసి, అప్పడంలా.
పక్కన ఎవరిదో చెప్పు ఒకటి.
ఇంకొంచెం పైకి.
మైదానం అంచున రెండు చుక్కలు.
దగ్గరకి లాగి చూస్తే
ఒకదాని పాపిట బాగా వెడల్పయింది.
మా అద్దం ఇన్నాళ్ళూ మర్యాద పాటించిందన్నమాట.

అప్పుడు వాడు నా చొక్కా లాగాడు.
పడమటి నుంచి హెలికాప్టరు, ఆసుపత్రిది, కిందుగా.
నాకు అనుమతి ఉంది.
ఇంకా పదకొండు నిమిషాలుంది.
సగానికి పైగా బ్యాటరీ ఉంది.
బొటనవేలు కిందికి లాగేసింది,
నన్నడగకుండానే.

గడ్డిలో కూర్చుంది. ఫ్యాన్లు ఆగాయి.
హెలికాప్టరు మా మీదుగా వెళ్తుంటే
ఖోవా టోపీ తీశాడు, ఎవరు నేర్పారో.
నేను అలవాటు కొద్దీ దాని తోక వైపు చూశాను.
రివెట్లు కనబడేంత దగ్గర కాదు.

ఆ తర్వాత ఎందుకో మళ్ళీ లేపలేదు.
వాగు గట్టున కీచురాళ్ళు మొదలెట్టాయి.
ఆరూ నలభై అయింది. గడి మూసుకుంది.

"మరి ఫ్రిస్బీ?" అన్నాడు.
"దానికి నిచ్చెన కావాలి.
ఆ గది తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళనే..."
ఇంగ్లీషు మాట నోటికి రాక
"అడుగు" అన్నాను.

వాడు కుడికాలు ఒక అంగ ముందుకేసి
ఆగి,
ఇంకెన్ని అన్నట్టు నా వైపు చూశాడు.